మెదడు రూపుదిద్దుకునే తొలి 28 రోజులు

శ్రీవిజయపురం: గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే నుంచి కేంద్రపాలిత ప్రాంత రాజధాని శ్రీవిజయపురానికి (పూర్వపు పోర్ట్‌బ్లెయిర్) 500 కిలోమీటర్లకు పైగా దూరం. ఓడ గానీ హెలికాప్టర్ గానీ దొరికితేనే ప్రయాణం. ఇలాంటి చోట గర్భిణికి స్కానింగ్ ఆలస్యం కావచ్చు. గర్భస్థ శిశువు మెదడు మాత్రం అంతవరకు ఆగదు.

పెద్దవారి మెదడు బరువు సుమారు 1.3 నుంచి 1.4 కిలోలు. నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు. ముందు మెదడులోని మస్తిష్కం ఆలోచనకు, జ్ఞాపకానికి, భాషకు ఆధారం. వెనుక మెదడులోని అనుమస్తిష్కం శరీర సమతుల్యతను కాపాడుతుంది. దీనికి చిన్న మెదడు అని పేరున్నా, మొత్తం నాడీకణాల్లో ఐదింట నాలుగు వంతులు ఇందులోనే ఉంటాయి. శ్వాస, గుండె లయ మజ్జాముఖం అధీనంలో ఉంటాయి.

ముందు, మధ్య, వెనుక అనే విభజన పాఠ్యపుస్తకాల సౌలభ్యం కోసం చేసినది కాదు, పిండంలోనే కనిపిస్తుంది. ఫలదీకరణ తర్వాత మూడో వారంలో పిండం వీపు వైపు పైపొర మందమై నాడీ ఫలకంగా మారుతుంది. దాని అంచులు పైకి లేస్తాయి, నడుమ గాడి పడుతుంది, తమలపాకు చుట్టినట్లు అంచులు కలిసి నాడీ నాళం ఏర్పడుతుంది. 22వ రోజు ప్రాంతంలో మెడ దగ్గర మొదలైన కలయిక రెండు దిశలకూ సాగుతుంది. తల వైపు కొస 25వ రోజుకు, కింది కొస 28వ రోజుకు మూసుకుంటాయి. నాళం ముందు భాగం మూడు బుడగలుగా ఉబ్బి మెదడవుతుంది, మిగిలినది వెన్నుపాము. ఐదో వారంలో ఆ మూడు బుడగలు ఐదవుతాయి.

తల వైపు కొస మూసుకోకపోతే మెదడు, పుర్రె పైభాగం ఏర్పడవు. అనెన్సెఫలీ అనే ఈ లోపంతో పుట్టిన శిశువు బతకదు. కింది కొస మూసుకోకపోతే స్పైనా బైఫిడా వస్తుంది. 28వ రోజంటే నెలసరి తప్పి రెండు వారాలే. గర్భం దాల్చిన సంగతి అప్పటికి చాలామందికి తెలియదు. ఆ తర్వాత చేసే స్కానింగ్ లోపాన్ని చూపగలదే గానీ నాళాన్ని మూయలేదు.

ఫోలిక్ ఆమ్లం పాత్ర ఇక్కడే. అంతకుముందు ఇలాంటి శిశువును కన్న తల్లుల్లో లోపం పునరావృతం కావడం దీనివల్ల 72 శాతం తగ్గిందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లో ప్రకటించింది. గర్భం కోరుకునే మహిళలు ముందునుంచే, తొలి మూడు నెలలూ రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని రక్తహీనత నివారణ కార్యక్రమ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. నాలుగో నెల నుంచి ఇచ్చే ఐరన్-ఫోలిక్ ఆమ్లం మాత్ర రక్తహీనతకు ఉపయోగపడుతుంది, నాడీ నాళానికి మాత్రం అది ఆలస్యమే. గతంలో లోపమున్న శిశువును కన్నవారికి మోతాదు ఎక్కువ కావాలి, దానిని వైద్యులే నిర్ణయిస్తారు.