బొంతకు జిగురా?



బొంత అనగానే మనకు మెత్తబడ్డ పాత చీరలూ, అమ్మమ్మ పెట్టె అడుగున కలరా ఉండల వాసనా జ్ఞాపకం వస్తాయి. అటువంటి బొంత పొరల్ని జిగురుతో అంటించి కుట్టుకోవచ్చునంటే, "ఇదేం చోద్యమమ్మా, పుస్తకాలకు అట్టలు వేస్తున్నామా?" అంటారు మీరు. కానీ అమెరికాలో బొంతలు కొత్తగా నేర్చుకునే ఆడవాళ్ళు కొందరు చేస్తున్న పని ఇదే. కథ ఆ జిగురు దాకా ఎలా వచ్చిందో చెప్తాను వినండి.

అక్కడి బొంతకు మూడు పొరలు. పైన ముఖం, అడుగున అస్తరు, నడుమ దూది. అసలు కుట్టు పూర్తయ్యేదాకా ఈ మూడూ జారకుండా నిలవాలి. కాస్త జరిగిందా, అడుగున ముడత పడుతుంది, ఆ ముడతమీదుగానే కుట్టు వెళ్ళిపోతుంది. ఆ సంగతి తెలిసేది బొంత తిరగేశాకే. అప్పుడిక విప్పడమే గతి. కొత్తవాళ్ళకు విసుగు పుట్టేదీ ఇక్కడే.

మన పాతచీరల బొంతకు ఈ బెడద తక్కువ. నడుమ దూది ఉండదు, నూలుమీద నూలు అంటిపెట్టుకుని ఉంటుంది. బెంగాలు స్త్రీల కంథా కూడా ఇంతే. పాత చీరలూ, ధోవతులూ నేలమీద పొరలుగా పరచి, ముడతలు చేత్తో సాపుచేసి, ముందు పెద్ద పెద్ద కుట్లతో పట్టించి, తర్వాత సన్నకుట్టుతో నింపుతారు. దారం కొనే పని కూడా లేదు, చీర అంచుల్లోంచి రంగుదారాలు లాగి వాడుకునేవారు. గురుసదయ దత్తుగారనే ఐ.సి.ఎస్. అధికారి పల్లెలు తిరిగి ఇటువంటివి సేకరించారు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 1963లో, కలకత్తా దగ్గర ఠాకుర్‌పుకూర్‌లో వాటితో మ్యూజియం తెరిచారు. చిరుగుచీరలు అద్దాల బీరువా ఎక్కాయన్నమాట!

దూది పెట్టేచోట మాత్రం సులువు కాదు. వెనకటి దూదిపొర ఉతికితే లోపల్లోపల జరిగి ఉండలు కట్టేది. అందుకని కుట్టు దగ్గరదగ్గరగా వెయ్యాలి. అన్ని కుట్లు ఒంటిచేత్తో ఎంతకని తెములుతాయి? అమెరికా పల్లెల్లో పెద్ద కొయ్య చట్రానికి పొరల్ని బిగదీసి కట్టి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని కుట్టేవారు. మనం వేసవిలో అప్పడాలకో వడియాలకో చేరినట్టే, కబుర్లకు కబుర్లు, పనికి పని. పొరల్ని పట్టి ఉంచే బాధ్యత చట్రానిది. చట్రం పెట్టేందుకు జాగా లేని ఇల్లాలు, సాయానికి మనిషి లేని ఇల్లాలు ఏం చెయ్యాలి? నేలమీద మోకాళ్ళు ఆన్చి, ఆ చివరనుంచి ఈ చివరదాకా కచ్చాకుట్టు వేసుకోవాలి. అసలు కుట్టు అయ్యాక ఆ దారమంతా లాగి పారెయ్యాలి. మ్యూజియాల్లో పెట్టిన బొంతల్లో మనం చూసేది ముఖమూ, పైకుట్టూ. నడుము విరిగేలా వేసిన ఆ మొదటి కుట్టుకు గుర్తు మిగలదు.

తర్వాత కొందరు దారం మాని పిన్నీసులు పట్టారు. పిన్నీసుకు న్యూయార్కులో వాల్టర్ హంట్ అనే ఆయన 1849 ఏప్రిల్ 10న పేటెంటు పొందాడు. అప్పు తీర్చుకోవడానికి ఆ హక్కు కాస్తా 400 డాలర్లకు అమ్మేశాడని చెప్తారు. మన మంగళసూత్రానికి పిన్నీసులు గుత్తిగా తగిలించుకుంటాం కదా, ఆ మహానుభావుడి చలవే! పెద్ద బొంతకైతే ఇవి వందల్లో కావాలి. గుచ్చి గుచ్చి వేళ్ళు నొప్పి, మెషీను కింద ఒకటి మరిచిపోతే సూది విరగడం ఖాయం.

ఇక జిగురు. బోర్డెన్ అనే అమెరికా పాల కంపెనీ 1947లో తెల్లజిగురు అమ్మడం మొదలుపెట్టింది. ఆ కంపెనీ ప్రకటనల్లో ఎల్సీ అనే ఆవు ఉండేది. ఎల్సీ మొగుడు ఎల్మర్ అనే ఎద్దు. 1951లో జిగురుకు ఆ ఎద్దు పేరే పెట్టారు. పేరుకు పాలవాళ్ళదే గానీ సీసాలో పాలు లేవు, 1912లో జర్మనీలో ఫ్రిట్జ్ క్లాట్టె కనిపెట్టిన రసాయనం ఉంది. తర్వాత బడిపిల్లల కోసం నీళ్ళతో ఉతికితే పోయే రకం వచ్చింది. పిల్లల గౌన్లమీద మరక పోతుందంటే బొంతమీద మాత్రం పోదా అని ఆడవాళ్ళకు తోచింది. దూదిమీద సన్నటి గీతలుగా జిగురు పోసి, పైగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెతో ఆరబెడతారు. రెండోవైపూ అంతే. కుట్టు పూర్తయ్యాక నీళ్ళలో నానవేస్తే జిగురు కరిగిపోతుంది. ముద్దగా పోస్తే మాత్రం ఆరి గట్టిపడి సూది దిగదు. ఇంకొక మాట, వడ్రంగులు వాడే తెల్లజిగురు చూపుకు ఇలాగే ఉంటుంది గానీ, ఆరాక ఉతికినా వదలదు. రెండూ ఒకటే అనుకోకండి.

ఇది దొంగపని, దారంతో కుట్టిందే బొంత అనే పెద్దవాళ్ళు అక్కడా ఉన్నారు. నేను వాళ్ళ పక్షం కాదు. ఎలాగూ లాగి పారేసే దారం కోసం మోకాళ్ళు అరగదీసుకోవాలా చెప్పండి? పొదుపు చేసిన ఆ ఓపిక పైకుట్టులో చూపించవచ్చు.

పైకుట్టుకైనా ధర కట్టినవారెవరు లెండి. జార్జియా రాష్ట్రంలో 1837లో బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ అనే నల్లజాతి స్త్రీ, బైబిలు కథలన్నీ గుడ్డముక్కలతో బొమ్మలుగా పేర్చి ఒక బొంత కుట్టింది. 1886లో ఏథెన్స్ ఊళ్ళో పత్తి ప్రదర్శనలో దాన్ని చూసి జెన్నీ స్మిత్ అనే డ్రాయింగు టీచరు కొంటానంది. ఎంతిచ్చినా అమ్మనంది హారియెట్. నాలుగైదేళ్ళకు ఇంట్లో ఇబ్బంది వచ్చి, తానే తీసుకొచ్చి 10 డాలర్లు అడిగింది. టీచరు దగ్గర 5 డాలర్లే ఉన్నాయి. భర్త కూడా ఇచ్చెయ్యమనడంతో ఇచ్చేసింది. ఇచ్చేముందు ఒక్కొక్క బొమ్మా ఏ కథో విడమరిచి చెప్తే, టీచరు రాసుకుంది. ఆ బొంత ఇవాళ వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియానిది. అమ్మేశాక కూడా హారియెట్ దాన్ని చూసుకోవడానికి చాలాసార్లు టీచరు ఇంటికి వచ్చేదట. తన ఇంట మిగిలే గుడ్డపీలికలన్నీ దాచి ఇస్తానని టీచరు మాటిచ్చాక గానీ ఆమె మనసు కాస్తయినా కుదుటపడలేదు.