ఆమె ఎందుకు పాడటం మానేసింది?

ఈసారి మన ఊళ్లకు చాలా దూరమైన చరిత్ర.

1990లో అమెరికాలోని ఒలింపియాలో కాథ్లీన్ హానా తన మిత్రులతో కలిసి ‘బికినీ కిల్’ అనే పంక్ బృందం పెట్టింది. అప్పట్లో పంక్ కచేరీ అంటే వేదిక ముందు మగపిల్లల తోపులాట. దెబ్బలకు జడిసి ఆడపిల్లలు వెనకే నిలబడేవారు. హానా వాళ్లను ముందుకు రమ్మని, మగవాళ్లను వెనక్కి జరగమని వేదిక మీద నుంచే చెప్పేది. ఆ పాటలతో, జెరాక్స్ తీసి పంచుకున్న చిన్న పత్రికలతో ‘రయట్ గర్ల్’ ఉద్యమం పెరిగింది. అందులో తెల్లజాతి అమ్మాయిల మాటే ఎక్కువ వినిపించిందన్న విమర్శా ఉంది, అది న్యాయమైనదే.

2005లో హానా వేదిక దిగిపోయింది. చెప్పాల్సింది చెప్పేశానంది. అభిమానులు నమ్మారు. 2013లో సీనీ ఆండర్సన్ తీసిన ‘ది పంక్ సింగర్’ డాక్యుమెంటరీలో అసలు సంగతి తెలిసింది. పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి ఆమెను పీడించింది. డాక్టర్లు ఏళ్ల తరబడి దాన్ని పట్టుకోలేకపోయారు. అంత గట్టిగా గొంతెత్తిన మనిషి కూడా తన జబ్బు గురించి చెప్పుకోలేకపోయింది. అభిమానుల పాత ప్రశ్నకు జవాబు అలా దొరికింది. 2019లో బికినీ కిల్ మళ్లీ వేదికెక్కింది.

మన సంఘం వేడుకల్లోనూ ఒకప్పుడు పాడి, తర్వాత మానేసిన అక్కలు, వదినలు ఉన్నారు. ‘ఇంట్లో పని’ అంటే సరేనని ఊరుకున్నాం. ఈసారి కలిసినప్పుడు ఇంకోసారి అడుగుదాం.