ఆల్బర్ట్ బేకర్ ఎవరు? జొహోర్ సుల్తాన్ కేసులో తేలిందీ, తేలనిదీ

1893లో లండన్ కోర్టులో ఒక దావా పడింది. వేసినావిడ పేరు మిస్ మైగెల్. 1885లో ఆల్బర్ట్ బేకర్ అనే పెద్దమనిషి తనను పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పాడని, నష్టపరిహారం ఇప్పించమని ఆమె కోరింది. మాట తప్పిన వరుడి మీద దావా వెయ్యడం ఆ రోజుల్లో ఇంగ్లండులో కొత్తేమీ కాదు. కొత్తల్లా ప్రతివాదే. బేకర్ అనే మనిషి అసలు లేడని, ఆ పేరుతో తిరిగింది మలయా ద్వీపకల్పం దక్షిణపు కొసన ఉన్న జొహోర్ రాజ్యాధిపతి సుల్తాన్ అబూ బకర్ అని ఆమె ఫిర్యాదు.

సుల్తాన్ తరఫు వకీళ్లు ఒక్కటే వాదన పట్టుకున్నారు: ఆయన స్వతంత్ర రాజు, పరాయి రాజును ఇంగ్లండు కోర్టు బోనెక్కించకూడదు. దాంతో పెళ్లి మాట పక్కకు పోయి, ఎవరూ ఊహించని ప్రశ్న ముందుకొచ్చింది. చుట్టూ ఇంగ్లీషువాళ్ల పెత్తనం పరుచుకున్న ఆ కాలంలో జొహోర్ నిజంగా స్వతంత్రమేనా?

మొదటి ఆధారం ఒక ఉత్తరం. సుల్తాన్ హోదా ఏమిటని అడిగితే, వలస వ్యవహారాల మంత్రి తరఫున ఆయన శాఖ జవాబు రాసి పంపింది. జొహోర్ స్వతంత్ర రాజ్యమనీ, బ్రిటిష్ మహారాణితో దానికి ఉన్నది మైత్రే గానీ సామంతరికం కాదనీ అందులో ఉంది. సాక్ష్యంగా ఒక జాబితా కూడా ఇచ్చారు: నేల మీదా నీటి మీదా సొంత బలగం, సొంత తపాలా, న్యాయస్థానాలు, బిరుదులు, పతకాలు. ఆ జాబితా కల్పన కాదు. జొహోర్ కిరీటం పేరిట బిరుదులివ్వడమూ, సొంత సైనిక దళమూ 1886లోనే మొదలయ్యాయి. మలయాలోనే ఉన్న పెరాక్, సెలంగోర్ రాజ్యాల్లో 1874 నుంచి బ్రిటిష్ రెసిడెంట్లు కూర్చుని పాలన నడిపిస్తుంటే, అబూ బకర్ బతికున్నంత కాలం జొహోర్‌లో రెసిడెంట్ అడుగుపెట్టలేదు.

రెండో ఆధారం దీనికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది. అది 1885 డిసెంబరు 11న లండన్‌లో కుదిరిన ఒప్పందం. దాని ప్రకారం సుల్తాన్ ఏ విదేశంతోనూ ఒడంబడికలు చేసుకోకూడదు, బ్రిటిష్ ప్రతినిధి ఒకరిని తన రాజ్యంలో ఉండనివ్వాలి. మైగెల్ వకీళ్లు పట్టుకున్నది సరిగ్గా ఈ షరతునే. పొరుగు దేశంతో మాట్లాడే హక్కు వదులుకున్నవాడు స్వతంత్రుడెలా అవుతాడని అడిగారు. న్యాయంగా చూస్తే గట్టి ప్రశ్నే.

ఇక బేకర్ సంగతికొస్తే, ఏళ్లు సరిపోల్చి చూడండి. ఆమె చెప్పిన బేకర్ పరిచయం 1885 నాటిది. ఒప్పందం కూడా 1885 నాటిదే. అబూ బకర్ తన రాజ్యం హోదా ఖాయం చేసుకోవడానికి ఇంగ్లండు వెళ్లిన ఏడే అది. ఆమె చెప్పిన మారుపేరులోని తొలి అక్షరాలు కూడా ఆయన పేరువే.

జొహోర్ హోదాకు సంబంధించిన మూడో ఆధారం ఆయన పుట్టుకలో ఉంది. ఆయన పాత సుల్తాన్ల గద్దెకు వారసుడు కాదు. 1819లో సింగపూర్ విషయంలో ఈస్టిండియా కంపెనీ అధికారి రాఫిల్స్‌తో ఒప్పందం చేసుకున్న తెమెంగ్గాంగ్ అబ్దుర్ రహమాన్ మనవడు. తెమెంగ్గాంగ్ అంటే కొలువులో ఒక పెద్ద పదవి, సింహాసనం కాదు. సింగపూర్‌లోని తెలోక్ బ్లాంగాలో మిషనరీ కీస్‌బెరీ దగ్గర చదువుకున్న అబూ బకర్‌కు ఇంగ్లీషు బాగా వచ్చు. 1862లో తెమెంగ్గాంగ్ అయ్యాడు, 1868లో మహారాజా అనిపించుకున్నాడు. సుల్తాన్ అని ఇంగ్లీషువాళ్లు గుర్తించింది ఆ 1885 ఒప్పందంలోనే. కిరీటం ఇచ్చిన కాగితమే విదేశీ వ్యవహారాలు తీసేసుకుంది. ఈ బేరం ఆయనకు తెలియక చేసింది కాదని నా నమ్మకం. ఇంట్లో పెత్తనం నిలుపుకోవడానికి వీధి వైపు తలుపు వాళ్ల చేతికిచ్చాడు.

కేసు అప్పీలు కోర్టుకు చేరింది. అక్కడ లార్డ్ ఈషర్, తోటి న్యాయమూర్తులు ఒప్పందాన్ని లోతుగా తవ్వలేదు. ప్రభుత్వం స్వతంత్రుడని రాసిచ్చాక తాము మళ్లీ విచారించనక్కర్లేదన్నారు. మారుపేరుతో మామూలు మనిషిలా బతికినంత మాత్రాన రాజు తన రక్షణ వదులుకున్నట్టు కాదని, వదులుకోవాలంటే కోర్టు ఎదుటే వదులుకోవాలని తేల్చారు. దావా కొట్టేశారు. మాట ఇచ్చారా లేదా, బేకర్ ఎవరు అన్నవి విచారణకే రాలేదు. ఆ స్త్రీకి జరిగింది న్యాయం కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆమె చెప్పింది నిజమో అబద్ధమో వినడమైనా జరగాల్సింది.

మరి ఆ ఉత్తరం నిజమా, సౌకర్యమా? దీనికి జవాబు మలయాలోని మరో రాజ్యం కెలంతాన్ నుంచి దొరుకుతుంది. 1910 ఒప్పందంతో అక్కడి సుల్తాన్ బ్రిటిష్ సలహాదారు చెప్పినట్టు నడుచుకోవడానికి ఒప్పుకున్నాడు. అయినా డఫ్ అనే కంపెనీ కెలంతాన్ ప్రభుత్వం మీద కోర్టుకెక్కితే, వలస శాఖ మళ్లీ అలాంటి జవాబే ఇచ్చింది: స్వతంత్ర రాజ్యం. 1924లో, అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ దాన్నీ శిరసావహించింది. అంటే ఆ మాట లండన్ అవసరాన్నిబట్టి వాడుకున్న మాట. జొహోర్ విషయంలో అది చాలావరకు నిజమైతే, ఆ ఘనత ఉత్తరం రాసినవాళ్లది కాదు, తపాలా, కోర్టులు, బలగం నిలబెట్టిన అబూ బకర్‌ది.

ఆ ఉత్తరం మీద అబూ బకర్‌కే నమ్మకం లేదనడానికి చివరి ఆధారం ఆయన వదిలి వెళ్లిందే. 1895 ఏప్రిల్ 14న జొహోర్‌కు రాతపూర్వక రాజ్యాంగం ప్రకటించాడు. మలయా రాజ్యాల్లో అదే మొదటిది. రాజ్యంలో ఏ భాగాన్నీ ఏ ఐరోపా దేశానికీ, మరే శక్తికీ రాజు అప్పగించకూడదని అందులో రాయించాడు. రెండు నెలలు తిరక్కుండానే, జూన్ 4న లండన్‌లో కన్నుమూశాడు. కొడుకు ఇబ్రహీం 1914 మే నెలలో బ్రిటిష్ జనరల్ అడ్వైజర్‌ను ఒప్పుకోక తప్పలేదు.

న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ కేసును రాజుల రక్షణకు ఉదాహరణగా చదువుతారు. చదివేటప్పుడు 1885 ఒప్పందాన్నీ, 1895 రాజ్యాంగాన్నీ పక్కనే పెట్టుకొని చదవండి.