పూసలదండలా మారే ధమని

1934లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే వైద్య పరిశోధకుడు కుక్కల కిడ్నీలకు వెళ్లే ధమనుల్ని చిన్న క్లాంపుతో బిగించి చూశాడు. వాటి బీపీ పెరిగింది. నాలుగేళ్లకు, 1938లో, లెడ్‌బెటర్, బర్క్‌లండ్ అనే అమెరికన్ వైద్యులకు అదే సంగతి ఓ ఐదేళ్ల పిల్లాడిలో ఎదురైంది. విపరీతమైన బీపీ, ఒక కిడ్నీ దాని చోట కాక పొత్తికడుపులో ఉంది. దాన్ని తీసేశాక బీపీ దిగింది. ఆ కిడ్నీ ధమనిని కోసి చూస్తే లోపల కండర కణజాలం పెరిగి దారి మూసుకుపోయి ఉంది. అది కొవ్వు పేరుకోవడం కాదు, ఇన్‌ఫ్లమేషన్ కూడా కాదు. ఫైబ్రోమస్కులర్ డిస్‌ప్లేసియా, అంటే ఎఫ్‌ఎండీకి తొలి వర్ణనగా ఆ పిల్లాడి కేసునే చెబుతారు.

1950ల చివర్లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మెకార్మాక్ బృందం ఈ జబ్బును విడిగా గుర్తించింది. యాంజియోగ్రామ్‌లో ధమని ఒకచోట సన్నబడి, ఆ పక్కనే ఉబ్బి, పూసలదండలా కనిపించేది. 1971లో హారిసన్, మెకార్మాక్ ధమని గోడలో ఏ పొర దెబ్బతిన్నదన్న దాన్నిబట్టి రకాలు విడదీశారు. 1978లో గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు కిడ్నీ ధమనిని బెలూన్‌తో వెడల్పు చేసి చూపించాక పెద్ద ఆపరేషన్ల అవసరం తగ్గింది. ఎఫ్‌ఎండీలో చాలామందికి స్టెంట్ కూడా అక్కర్లేదు.

అయితే దశాబ్దాల తరబడి దీన్ని ప్రధానంగా కిడ్నీ జబ్బుగానే చూశారు. మెడ ధమనుల్లో ఉన్నట్టు 1960ల్లోనే తెలిసినా ఆ చూపు మారలేదు. నా దృష్టిలో ఈ చరిత్రలో పెద్ద లోటు ఇదే. 2012లో ఎఫ్‌ఎండీ రోగుల అమెరికా రిజిస్ట్రీ 447 మంది వివరాలు ప్రచురించింది. పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలు. పరీక్ష చేసినవాళ్లలో మెడ ధమనుల్లోనూ దాదాపు కిడ్నీ ధమనుల్లో ఉన్నంతగా జబ్బు బయటపడింది. తొలి లక్షణం నుంచి నిర్ధారణ దాకా సగటున నాలుగేళ్లు పట్టింది. చెవిలో గుండె లయతో హోరు వినిపిస్తోందని చెప్పినా, తలనొప్పి తగ్గడం లేదన్నా, జబ్బు పేరు తెలియకుండా గడిచిన ఏళ్లవి. 2019 నాటి అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయం ప్రకారం, ఎఫ్‌ఎండీ తేలిన ప్రతి ఒక్కరికీ కనీసం ఒకసారి తల నుంచి కటి భాగం దాకా ధమనుల స్కాన్ చేయాలి. 2016లో ఫాక్టర్‌1 అనే జన్యువుతో సంబంధం కనిపించినా, అసలు కారణం ఇంకా తేలలేదు.

మన దేశంలో యువతుల ధమనులు సన్నబడితే మొదట తకయాసు వ్యాధిని అనుమానిస్తారు. అది ఇన్‌ఫ్లమేషన్‌తో వచ్చేది, మందులూ వేరు. కాబట్టి రెండింటినీ విడదీసి చూడాలి. ముప్పైల్లోనే బీపీ వచ్చిన ఆడవాళ్లను టెన్షన్ అని చెప్పి పంపేయకండి. డాక్టరుగారూ, ఒక్కసారి స్టెతస్కోపు మెడ మీదా, పొట్ట మీదా కూడా పెట్టి, ధమనుల్లో హోరు ఉందేమో వినండి.