ఆపరేషన్ ఎల్లో రిబ్బన్: సెప్టెంబరు 11 దాడుల తరువాత కెనడా స్పందన

2001 సెప్టెంబరు 11న అమెరికాపై ఉగ్రవాదులు హైజాక్ చేసిన విమానాలతో దాడి చేసినప్పుడు, ఆ దేశానికి వెళుతున్న విమానాలను కెనడా తన విమానాశ్రయాల్లో దించుకుంది. ఈ చర్యకు కెనడా ప్రభుత్వం పెట్టిన పేరు ఆపరేషన్ ఎల్లో రిబ్బన్. కొద్ది గంటల్లోనే 220కి పైగా విమానాలు, 33,000 మందికి పైగా ప్రయాణికులు ఆ దేశంలో దిగారు. గాండర్ అనే చిన్న ఊరు చేసిన ఆతిథ్యం వల్ల ఈ సంగతి లోకానికి తెలిసింది. అయితే ఆ ఆతిథ్యానికి ముందు ప్రాణాలతో ముడిపడిన ఒక నిర్ణయం జరిగింది. దాని తరువాత సుదీర్ఘ యుద్ధం, సరిహద్దు ఒప్పందాలు, ఒక నిరపరాధి చెర వచ్చాయి. వాటిని వదిలేసి గాండర్ కథ మాత్రమే చెప్పుకుంటే చరిత్ర సగమే చెప్పినట్టు.

పూర్వరంగం

కష్టకాలంలో ఒకరినొకరు ఆదుకోవడం ఈ రెండు దేశాలకు పాత అలవాటే. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ పేలి దాదాపు 2,000 మంది చనిపోయినప్పుడు, ఆ రాత్రే అమెరికాలోని బోస్టన్ నుంచి వైద్యులతో, మందులతో రైలు బయలుదేరింది. ఆ మేలుకు గుర్తుగా నోవా స్కోషియా రాష్ట్రం 1971 నుంచి ఏటా బోస్టన్‌కు ఒక క్రిస్మస్ చెట్టును పంపుతోంది. 1958లో రెండు దేశాలూ కలిసి నోరాడ్ అనే ఉమ్మడి గగనతల రక్షణ సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి.

గాండర్ విషయం వేరు. న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలోని ఈ ఊరు విమానాశ్రయం చుట్టూ పుట్టి పెరిగింది. 1938లో మొదలైన ఆ విమానాశ్రయం రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపాకు యుద్ధ విమానాలను సాగనంపింది. జెట్ విమానాలు రాకముందు అట్లాంటిక్ దాటే విమానాలు ఇంధనం కోసం ఇక్కడ ఆగేవి. 1985 డిసెంబరు 12న అమెరికా సైనికులను ఇంటికి తీసుకెళుతున్న విమానం ఇక్కడే కూలి 256 మంది మరణించారు. అమెరికా వారి దుఃఖం ఈ ఊరికి 2001లోనే మొదటిసారి ఎదురైంది కాదు.

నిర్ణయం

ఆ ఉదయం అమెరికా తన గగనతలాన్ని మూసివేసే సమయానికి వందల విమానాలు అట్లాంటిక్ మీద ఉన్నాయి. వెనక్కి మళ్లడానికి సరిపడా ఇంధనం ఉన్నవి ఐరోపాకు తిరిగిపోయాయి. సగం దూరం దాటేసిన వాటికి కెనడా తప్ప దిక్కు లేదు. అప్పటి కెనడా రవాణా మంత్రి డేవిడ్ కాలెనెట్ మాంట్రియల్‌లో విమానాశ్రయాల సదస్సులో ఉన్నారు. దేశంలో విమానాలు పైకి లేవకుండా ఆపి, బయటి నుంచి వస్తున్న వాటిని మాత్రం దిగనివ్వాలని ఆదేశించారు.

చెప్పడానికి సులువుగా ఉంది కానీ, ఏ విమానంలో మరో హైజాకర్ ఉన్నాడో ఆ గంటలో ఎవరికీ తెలియదు. అందుకే టొరంటో, మాంట్రియల్ వంటి పెద్ద నగరాలకు విమానాలను వీలైనంత వరకు రానివ్వలేదు. ముప్పు ఉంటే అది జనం తక్కువగా ఉన్న చోటికి వెళ్లాలన్నదే దీని వెనుక లెక్క. అంటే గాండర్, గూస్ బే, స్టీవెన్‌విల్ లాంటి చిన్న ఊళ్లు దేశం తరఫున ఆ ప్రమాదాన్ని మోశాయి. ఆతిథ్యం గురించి రాసినంతగా ఈ సంగతి గురించి ఎవరూ రాయలేదు. రాయాల్సిందే.

భయం ఎంత నిజమో వైట్‌హార్స్‌లో తెలిసింది. అలాస్కా వైపు వస్తున్న కొరియన్ ఎయిర్ విమానం ఒకటి హైజాక్ అయిందన్న అనుమానంతో దాన్ని ఆ ఊరికి మళ్లించారు. బడులు, కార్యాలయాలు ఖాళీ చేయించారు. అమెరికా యుద్ధ విమానాలు దాన్ని వెంబడించాయి. అవసరమైతే కూల్చివేయడానికి ప్రధాని జాన్ క్రెటియెన్ అనుమతించారు. చివరికి అది సమాచార లోపమని తేలింది. విమానం క్షేమంగా దిగింది.

గాండర్

పడమటి తీరాన వాంకూవర్‌లో దాదాపు 8,500 మంది, తూర్పున హాలిఫాక్స్‌లో నలభైకి పైగా విమానాలు దిగాయి. అవి పెద్ద నగరాలు, తట్టుకోగలవు. గాండర్ జనాభా పదివేల లోపే. అక్కడ 38 పౌర విమానాల్లో సుమారు 6,600 మంది దిగారు.

తనిఖీలు ముగిసేదాకా ప్రయాణికులు గంటల తరబడి విమానాల్లోనే కూర్చున్నారు. కొందరికి ఒక పగలూ రాత్రీ గడిచాయి. చెక్ ఇన్ చేసిన సామాను విమానంలోనే ఉండిపోయింది. కిందికి వచ్చినవారి దగ్గర చేతిసంచి తప్ప మరేమీ లేదు. రోజూ వేసుకునే బీపీ మాత్రలు, పసిపిల్లల పాలడబ్బాలు, మార్చుకోవడానికి బట్టలు, అన్నీ ఆ ఊరే సమకూర్చాలి. ఫార్మసిస్టులు ఏ దేశం మాత్ర ఏ పేరుతో ఉంటుందో విచారించుకుంటూ, ప్రయాణికుల సొంత ఊళ్లలోని డాక్టర్లకు ఫోన్లు చేసి మందులు ఇచ్చారు.

అప్పటికి స్కూలు బస్సు డ్రైవర్లు సమ్మెలో ఉన్నారు. ప్లకార్డులు పక్కన పెట్టి బస్సులెక్కారు. హోటల్ గదులను పైలట్లకు, విమాన సిబ్బందికి కేటాయించారు, వాళ్లు నిద్రపోతేనే కదా మళ్లీ విమానం నడిపేది. మిగతావారికి బడులు, చర్చిలు, క్లబ్బులు, ఆపైన ఇళ్లు. చుట్టుపక్కల లూయిస్‌పోర్ట్, గాంబో, ఆపిల్టన్, గ్లెన్‌వుడ్ ఊళ్లు కూడా తలా కొంతమందిని తీసుకున్నాయి. ఇళ్ల నుంచి వచ్చిపడుతున్న వంటలు పాడవకుండా ఐస్ హాకీ ఆడే మైదానాన్నే ఫ్రిజ్‌గా వాడుకున్నారు. ఫోన్ కంపెనీ వీధిలో బల్లలు వేసి ఉచితంగా ఫోన్లు పెట్టింది. విమానాల సామాన్ల అరలో చిక్కుకున్న కుక్కలు, పిల్లులు, చింపాంజీలను పోలిన రెండు బోనోబోలను కూడా ఎవరూ మరిచిపోలేదు. జంతు సంరక్షణ కార్యకర్తలు విమానం విమానానికీ తిరిగి వాటికి మేత, నీళ్లు పెట్టారు. ఇంచుమించు వారం తిరక్కముందే అందరూ వెళ్లిపోయారు.

లూయిస్‌పోర్ట్‌లో ఆశ్రయం పొందిన డెల్టా 15 విమానం ప్రయాణికులు అక్కడి విద్యార్థుల కోసం స్కాలర్‌షిప్ నిధి నెలకొల్పారు. 2002లో లుఫ్తాన్సా తన విమానం ఒకదానికి గాండర్, హాలిఫాక్స్ పేర్లు పెట్టింది. ఈ ఉదంతం ఆధారంగా ఐరీన్ సాంకాఫ్, డేవిడ్ హైన్ రాసిన సంగీత నాటకం ‘కమ్ ఫ్రమ్ అవే’ 2017లో బ్రాడ్వేకు చేరి, దర్శకత్వానికి టోనీ పురస్కారం తెచ్చుకుంది.

సంతాపం

సెప్టెంబరు 14న కెనడా జాతీయ సంతాప దినం పాటించింది. ఒట్టావాలో పార్లమెంటు ముందు సుమారు లక్ష మంది చేరారు. దాడుల్లో 24 మంది కెనడా పౌరులూ చనిపోయారు. అయినా సెప్టెంబరు 20న అమెరికా కాంగ్రెస్‌లో చేసిన ప్రసంగంలో అధ్యక్షుడు బుష్ పలు దేశాలను తలుచుకుని కెనడా పేరు ఎత్తలేదు. ఇది అక్కడ చాలామందికి కష్టం కలిగించింది. 2004 డిసెంబరు 1న ఆయన హాలిఫాక్స్ వచ్చి స్వయంగా కృతజ్ఞత చెప్పారు.

ఇక్కడ మన పాఠకులకు మరో సంగతి గుర్తురాక మానదు. 1985 జూన్ 23న కెనడా నుంచి బయలుదేరిన ఎయిర్ ఇండియా 182 ‘కనిష్క’ బాంబు పేలుడులో 329 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది కెనడా పౌరులే. అయినా ఆ దేశం దాన్ని చాలాకాలం పరాయి విషాదంగానే చూసింది. జూన్ 23ను ఉగ్రవాద బాధితుల జాతీయ స్మారక దినంగా ప్రకటించడానికి ఇరవై ఏళ్లు పట్టింది. పొరుగువారి కోసం మూడు రోజుల్లో కదిలిన గుండె సొంత పౌరుల కోసం ఇంత ఆలస్యంగా కదలడం ఆ కుటుంబాలను ఎంత బాధించి ఉంటుందో ఊహించవచ్చు.

యుద్ధం, సరిహద్దు

దాడుల తరువాత అఫ్గానిస్తాన్‌లో మొదలైన యుద్ధంలో భాగంగా కెనడా సేన 2002 తొలినాళ్లలో అక్కడి కాందహార్ చేరింది. ఏప్రిల్‌లో టార్నక్ ఫార్మ్ దగ్గర అమెరికా యుద్ధ విమానం పొరబాటున వేసిన బాంబుకు నలుగురు కెనడా సైనికులు బలయ్యారు. 2014లో ఆ దేశం అఫ్గానిస్తాన్ నుంచి వైదొలిగేసరికి ప్రాణాలు కోల్పోయిన సైనికులు 158 మంది. ఇరాక్ యుద్ధంలో చేరడానికి మాత్రం 2003 మార్చిలో క్రెటియెన్ నిరాకరించారు. స్నేహం పేరుతో ప్రతిదానికీ తల ఊపకపోవడం కూడా ఆ సంఘీభావంలో భాగమే.

2001 డిసెంబరు 12న కెనడా తరఫున జాన్ మాన్లీ, అమెరికా తరఫున టామ్ రిడ్జ్ ‘స్మార్ట్ సరిహద్దు’ ప్రకటనపై సంతకాలు చేశారు. సరుకు రవాణా ఆగకుండానే నిఘా పెంచడం దాని ఉద్దేశం. హైజాకర్లు కెనడా మీదుగా వచ్చారన్న అపోహ అప్పటికే అమెరికాలో పాతుకుపోయింది. 19 మందిలో ఒక్కరూ అలా రాలేదు.

ఆ అనుమానాల వాతావరణంలో, నిఘా సమాచారం ఇచ్చిపుచ్చుకోవడంలో నలిగిపోయినవాడు మాహెర్ అరార్. సిరియాలో పుట్టిన ఈ కెనడా ఇంజనీరును 2002 సెప్టెంబరులో న్యూయార్క్ విమానాశ్రయంలో అమెరికా అధికారులు పట్టుకుని సిరియాకు పంపేశారు. అక్కడ దాదాపు ఏడాది చెరలో చిత్రహింసలు అనుభవించాడు. కెనడా పోలీసులు అమెరికాకు ఇచ్చిన తప్పుడు సమాచారమే ఇందుకు దారితీసి ఉండవచ్చని, అతను నేరం చేశాడనడానికి ఆధారాలు లేవని 2006లో జస్టిస్ ఓకానర్ కమిషన్ తేల్చింది. 2007 జనవరిలో ప్రధాని స్టీఫెన్ హార్పర్ క్షమాపణ చెప్పి 1.05 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించారు. అమెరికాలో అరార్ వేసిన దావాను అక్కడి న్యాయస్థానాలు కొట్టేశాయి. 2010 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా విచారణకు నిరాకరించింది.