ఒక్క వోటు కొఱకు నాలుగు వ్యాజ్యములు

ఎన్నికలనగానే మనకు తోచునది ఫలితము. ఎవరు గెలిచిరి, ఎవరు ఓడిరి అని ఆలకింతుము. కాని ఫలితమునకు పూర్వమే తేలవలసిన ప్రశ్నలు రెండున్నవి. వోటు వేయుటకు ఎవరు అర్హులు? జరుగుచున్న వానిలో ఏది నిజమైన ఎన్నిక? ఇవి పైకి వట్టి కార్యాలయపు నిబంధనలవలె కనిపించును. అయితే రాజ్యాంగమిచ్చిన హక్కు ఇట్టి నిబంధనల చాటుననే మాయమగుట కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సాస్ రాష్ట్రమున 20 ఏండ్లు సాగిన ఒక వివాదము ఇందులకు చక్కని నిదర్శనము. ఆ కథను శ్రోతలకు మనవి చేయుచున్నాము.

అంతర్యుద్ధము ముగిసిన పిదప, 1870లో, అమెరికా రాజ్యాంగమునకు పదునైదవ సవరణ చేరెను. జాతిని బట్టిగాని, వర్ణమును బట్టిగాని, పూర్వపు దాస్యమును బట్టిగాని ఏ పౌరునికిని వోటుహక్కును నిరాకరింపరాదని దాని తాత్పర్యము. దక్షిణ రాష్ట్రముల పాలకులు ఈ సవరణను మీరినట్లు కనబడకుండ మీరుటకు ఉపాయములు వెదకిరి. తలపన్ను చెల్లించినవారికే వోటనుట ఒకటి. చదువు పరీక్ష మరియొకటి. మన కథకు సంబంధించినది మూడవది; దాని పేరు ప్రైమరీ.

మన దేశమున అభ్యర్థిని పార్టీ పెద్దలే నిర్ణయింతురు. అచ్చట అసలు ఎన్నికకు ముందు, పార్టీ అభ్యర్థిని వోటర్లే ఎన్నుకొను మరొక ఎన్నిక జరుగును. అదియే ప్రైమరీ. ఆనాటి టెక్సాస్‌లో డెమొక్రాటిక్ పార్టీకి దీటైన ప్రతిపక్షము లేకుండెను. ఆ పార్టీ ప్రైమరీలో నెగ్గినవాడు పదవిలో కూర్చున్నట్లే. అందువలన ప్రైమరీ వాకిలి మూసినచో, నవంబరు ఎన్నికలో వోటున్నను అది పెండ్లి ముగిసిన పిదప అందిన శుభలేఖ వంటిదే.

1923లో టెక్సాస్ శాసనసభ, డెమొక్రాటిక్ ప్రైమరీలో నల్లజాతివారు పాల్గొనరాదని బాహాటముగానే చట్టము చేసెను. ఎల్ పాసో నగరమున లారెన్స్ నిక్సన్ అను నల్లజాతి వైద్యుడుండెను. ఆయన తలపన్ను చెల్లించి, 1924 జులై 26న వోటు వేయ పోయెను. అధికారులు చీటీ ఇయ్యలేదు. ఆయన న్యాయస్థానమునకెక్కెను. 1927లో సుప్రీంకోర్టు, జస్టిస్ హోమ్స్ వ్రాసిన ఏకగ్రీవపు తీర్పుతో, ఈ చట్టము పౌరులందరకు సమరక్షణ నొసగు పదునాలుగవ సవరణకు విరుద్ధమని కొట్టివేసెను.

నిక్సన్ గెలిచెను గాని ఆయనకు వోటు రాలేదు. శాసనసభ వెంటనే చట్టమును మార్చి, సభ్యుల అర్హతను నిర్ణయించు అధికారమును పార్టీ కార్యనిర్వాహక సంఘమునకిచ్చెను. ఆ సంఘము తెల్లవారికి మాత్రమే ప్రవేశమని తీర్మానించెను. నిక్సన్ మరల దావా వేసెను. 1932లో ఐదుగురు న్యాయమూర్తులు ఆయన పక్షమునను, నలుగురు ఎదుటి పక్షమునను నిలిచిరి. సంఘమునకు ఆ అధికారము ప్రభుత్వ చట్టమునుండియే వచ్చినదని జస్టిస్ కార్డోజో తీర్పు వ్రాసెను.

సుమారు మూడు వారములకే పార్టీ మహాసభ సమావేశమై, ఏ చట్టముతోను పనిలేకుండ, అదే నిషేధమును తానుగా విధించెను. ఈసారి హ్యూస్టన్ నగరమున గ్రోవీ అను క్షురకుడు పది డాలర్ల నష్టపరిహారమునకు దావా వేసెను. 1935లో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ఆయనకు ప్రతికూలముగా చెప్పెను. పార్టీ పౌరుల స్వచ్ఛంద సంఘమనియు, తన సభ్యులెవరో అదియే నిర్ణయించుకొనవచ్చుననియు ఆ తీర్పు సారాంశము. దానిని వ్రాసినవారు జస్టిస్ రాబర్ట్స్.

ఇంతటితో తలుపు శాశ్వతముగా మూతపడినదనిపించెను. కాని 1941లో, లూయిసియానాకు చెందిన వేరొక వ్యాజ్యమున, ప్రైమరీ ఎన్నికల ప్రక్రియలో అంతర్భాగమైనచో కాంగ్రెసు చట్టము దానికిని వర్తించునని అదే కోర్టు పలికెను. హ్యూస్టన్‌కు చెందిన దంతవైద్యుడు లోనీ స్మిత్ వ్యాజ్యమున న్యాయవాదులు తర్గుడ్ మార్షల్, విలియం హేస్టీ ఈ సూత్రమునే ఆధారముగా చేసికొనిరి. 1944 ఏప్రిల్ 3న ఎనమండుగురు న్యాయమూర్తులు వారితో ఏకీభవించిరి. ప్రైమరీని నడుపుటకు చట్టమే ఏర్పాట్లు చేయుచుండగా, అందు నెగ్గినవానినే అసలు ఎన్నికకు పంపుచుండగా, పార్టీ చేసిన నిషేధము ప్రభుత్వము చేసినదే యగునని జస్టిస్ రీడ్ వ్రాసెను. భిన్నాభిప్రాయము తెలిపిన ఒకే ఒక్కరు రాబర్ట్స్. తొమ్మిదేండ్లకే తీర్పు తిరగబడినచో, కోర్టు తీర్పులు ఆ నాటికి, ఆ బండికి మాత్రమే చెల్లు రైలు టిక్కెట్టువలె అగునని ఆయన వాపోయెను.

ఆ కలత అర్థములేనిది కాదు. న్యాయమునకు స్థిరత్వము అవసరమే. అయితే ఈ నాలుగు తీర్పులను వరుసగా చదివినచో, మారినది ప్రశ్నయే యని మనకు బోధపడును. మొదట న్యాయమూర్తులు నిషేధమును వ్రాసినది ఎవరి చేయి యని అడిగిరి. ఆ ప్రశ్న ఉన్నంతవరకు చేయి మార్చిన చాలును, నిషేధము నిలిచెడిది. 1944లో వారు ప్రైమరీ చేయుచున్న పని యేమని అడిగిరి. దానికి తప్పించుకొను జవాబు లేకపోయెను.

1944 జులై 22న డాక్టర్ నిక్సన్ దంపతులు ఎల్ పాసోలో డెమొక్రాటిక్ ప్రైమరీలో వోటు వేసిరి. తలపన్ను అడ్డంకి అప్పటికిని తొలగలేదు. జాతీయ ఎన్నికలలో దానిని 1964లో రాజ్యాంగ సవరణయు, రాష్ట్ర ఎన్నికలలో 1966లో సుప్రీంకోర్టు తీర్పును తుడిచివేసినవి. మొదటిసారి చీటీ నిరాకరింపబడిన నాడు నిక్సన్ వయస్సు సుమారు నలువది ఏండ్లు. వోటు దక్కిన నాటికి అరువది దాటెను. హక్కు కాగితముపై ఉండుటకును, చేతికి వచ్చుటకును నడుమ ఒక మనుష్యుని జీవితములో ఇరువది ఏండ్లు వ్యయమైనవి.