పుటభేదనములు: జనగామ, మానుకోట, భూపాలపల్లి

పాణిని చాతురర్థికప్రకరణమున దేశనామములు నాలుగర్థములందు సిద్ధించునని చెప్పెను. ఒక వస్తువు అచట నుండుట మొదటిది, ఒకడు దానిని నిర్మించుట రెండవది, అది యొకరి నివాసమగుట మూడవది, అది యొకదానికి దూరము గాకుండుట నాలుగవది. మేడిచెట్లు గల దేశము ఔదుంబరము, కుశాంబుడు నిర్మించిన నగరి కౌశాంబి, శిబుల నివాసము శైబము, విదిశకు సమీపమున నున్నది వైదిశము. ఈ విభాగమును పాఠశాలలయందు శబ్దసిద్ధికొఱకే చదువుచున్నారు. కాని యొక పట్టణమున మనుజుడు ప్రొద్దుననే లేచి యే వీధిని బట్టి యే దిక్కునకు నడచుచున్నాడో, ఎందుకు నడచుచున్నాడో యెఱుగుటకును ఈ నాలుగు ప్రశ్నలే చాలును. వరంగల్లు సీమలోని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి యను మూడు పట్టణములను వీనితో పరీక్షించినచో, పేరు చెప్పునది యొకటియు, వీధి చెప్పునది మఱియొకటియు నని తేలుచున్నది.

జనగామ జైనగ్రామమని జనవాదము. సమీపమున కొలనుపాక జైనతీర్థముండుటచేత నీ వాదమునకు బలము కలిగినది. కాని గ్రామశబ్దము గామ యగుట సులభమే యైనను, జైనశబ్దమందలి ఐకారము అకారమగుటకు పూర్వలేఖ్యము చూపనిదే శబ్దశాస్త్రము తలయూపదు. మహబూబాబాదునకు పాతపేరు మానుకోట. మ్రానుకోట మానుకోట యైనదని చెప్పుదురు. ఇందు శబ్దదోషము లేదు; క్రొత్త కొత్తయైనట్లును, ప్రాత పాతయైనట్లును, మ్రాను మానగుట తెలుగున నిత్యమే. పిమ్మట ఆఱవ నిజామగు మీర్ మహబూబు అలీఖాను (1869–1911) పేర ఆబాదు వెలసినది. రూపమునుబట్టి చూచిన కౌశాంబివలె నిది నిర్మాతపేరని తోచును. ఐనను పట్టణమును పట్టణముగ జేసినవాడు రాజు గాడు, రైలుబండి.

వాడీనుండి సికిందరాబాదునకు ఇనుపదారి 1874లో వచ్చినది. దానిని తూర్పునకు పెంచుటకై ఇంగ్లండు మూలధనముతో గ్యారంటీ యొడంబడిక జరుగుచున్న కాలమున, 1883లో, ఆ షరతులను బహిరంగముగ జర్చింపవలెనని కోరినవారిలో అఘోరనాథ చటోపాధ్యాయుడు రాజ్యమునుండి వెడలగొట్టబడెను. ప్రజ లడుగకూడని ప్రశ్నలతోనే యీ దారి మొదలైనదన్నమాట. 1886లో అది జనగామ మీదుగా వరంగల్లు చేరినది. 1889లో మానుకోట, డోర్నకల్లు దాటి బెజవాడ చేరినది. సింగరేణి బొగ్గును బయటికి దెచ్చుటయు, నిజాము రాజ్యమును సముద్రతీరముతో గలుపుటయు దాని ప్రయోజనములు. నడుమ బండి యెచట నాగవలెనను నిర్ణయము ఇంజనునకు నీరు పట్టుటనుబట్టియు, ఒంటిదారిలో నెదురుబండికి తావిచ్చుటనుబట్టియు జరిగినది. ఊరి చెఱువు, గుడి, సంత యెచటనున్నవని ఆ లెక్కలో నెవరును జూడలేదు. అందుచేత నీ రెండూళ్లును విదిశవంటివి. వానికి నది యినుపదారి.

జనగామ యందు దీని ఫలము విచిత్రముగ గనబడినది. ఆ తాలూకా 1953 వఱకు నల్లగొండ జిల్లాలో నుండెను. ఇనుపదారి జనగామవానిని హైదరాబాదునకో వరంగల్లునకో చేర్చునేగాని నల్లగొండకు జేర్చదు. వ్యాపార మొకదిక్కు, వ్యాజ్యము మఱియొకదిక్కు. 1953లో తాలూకాను వరంగల్లు జిల్లాలో గలిపినప్పుడు సర్కారు కాగితము రైలు ననుసరించినది. నేడు హైదరాబాదు–వరంగల్లు రహదారియు ఇంచుమించు రైలుదిక్కునకే పోవుచున్నది. సిద్దిపేటనుండి సూర్యాపేటకు బోవు బాట దాని కడ్డముగ వచ్చును. ఒకనాటి బండియాగు నేడు చౌరస్తా యైనది.

అమరసింహుడు పురవర్గమున నగరపర్యాయములతో పుటభేదనశబ్దమును జేర్చెను. పుటములు, అనగా మూటలు, విప్పబడు చోటని దీనికి కొందఱి వ్యుత్పత్తి. మానుకోట కింతకంటె తగిన పేరు లేదు. రైలు రాకపూర్వము దక్కనులో మూటలు మోసినవారు లంబాడీలు. వేలకొలది ఎద్దులపై పెరికలు వేసి, తీరమునుండి ఉప్పును, లోసీమనుండి ధాన్యమును వారు తెచ్చిపోవుచుండిరి. మొగలు సేనల వెంబడి ధాన్యము నడపినవారును వారే. రోడ్డును రైలును వచ్చిన పిదప పెరికయెద్దునకు పని పోయినది. నడచుచుండిన తండా నిలిచినది, నిలిచినచోటనే యూరైనది. మానుకోట చుట్టును అట్టి తండాలు దట్టముగ నున్నవి. ఆ బాటసారుల వంశీయులే నేడు మిరపకాయల బస్తాలతో మానుకోట మార్కెటునకు వచ్చుచున్నారు. ఏ బండి వారి పూర్వుల వృత్తిని మ్రింగినదో ఆ బండి నిలుచు చోటనే వారి మూట విప్పబడుచున్నది. మూట విప్పుట, ఘాటుకు తుమ్ముట, తూకము, బేరము, చీటి: ఇవి జరుగు తావుచుట్టును చాయదుకాణము, గుడ్డలకొట్టు, మందులకొట్టు పుట్టినవి. వీనిని ఏ స్థపతియు గీతగీసి నిలుపలేదు.

గీత గీసినది ఒక్క ఇనుపదారియే. అది యూరిని రెండుగ జీల్చినది. బడి యొకవైపు, ఇల్లొకవైపు నున్న పిల్లవానికి దూరము గజములలో లేదు. గేటు పడుటలోను లేచుటలోను ఉన్నది. పైవంతెనలు బండ్లకు మేలు చేసినవి. కాలినడకవాడు మాత్రము, ముఖ్యముగ నెత్తిమీద గంపగలది, వంతెనయెక్కి అంత చుట్టు దిరుగుటకంటె పట్టాలు దాటుటయే దగ్గఱ యనుకొనును. ఇది యవివేకము గాదు, శరీరము వేసిన లెక్క. ప్రాణాపాయమును ఆ లెక్కలోనిదే.

స్టేషను సభాస్థలము కూడ నైనది. 2010 మే 28న తెలంగాణోద్యమమున ఓదార్పుయాత్ర నడ్డగించుటకు జనులు మానుకోట స్టేషనునకే వచ్చిరి. దారి క్రింది కంకర చేతికి వచ్చినది, తుపాకులు పేలినవి. అటుతర్వాత ఉద్యమప్రసంగములలో మహబూబాబాదు పేరు వెనుకబడి మానుకోట పేరు ముందునకు వచ్చినది. నిర్మాతనామమునకంటె మ్రానునామమే నోట నిలుచుట వైయాకరణుడు గమనింపదగిన విషయము.

ఈ సీమకు నగరనిర్మాణము క్రొత్త గాదు. ఓరుగల్లున మట్టికోట, రాతికోట, అగడ్త యొకదానిలోపల నొకటి వలయములుగ నుండి, నడుమ స్వయంభూదేవాలయమును, దాని నాలుగుదిక్కుల తోరణములును ఉండెను. గణపతిదేవుడు మొదలిడిన రాతిగోడను రుద్రమదేవి పూర్తిచేసెను. ఆ నగరమున మనుష్యు డెట్లు దిరిగెనో క్రీడాభిరామము చెప్పుచున్నది. మంచనశర్మయు టిట్టిభసెట్టియు వేకువనుండి రాత్రివఱకు వీధులలో దిరుగుచు గుడులు, పూటకూటిల్లు, కోడిపందెము, వేశ్యవాటిక అన్నియు చూతురు. ఒక్కదినములో నొక నగరము కాలికి లోబడినది. రసికులు దీనిని వీథిరూపకముగ జదివిరి. పట్టణచరిత్రకారునకు నిది నడకదూరముల పట్టిక. అర్థశాస్త్రమును ఇచట స్మరింపదగియున్నది. కౌటిల్యుడు దుర్గమున తూర్పుపడమరలుగ మూడును, ఉత్తరదక్షిణములుగ మూడును రాజమార్గములు విధించి, రాజమార్గమున కెనిమిది దండముల వెడల్పు చెప్పెను. దండమన ఇంచుమించు ఆఱడుగులు. పచ్చికబీటి దారికి, శ్మశానపు దారికి, పల్లెదారికిని అదే యెనిమిది దండములు. పల్లెనుండి వచ్చువానికి రాజుతో సమానమైన వెడల్పు నిచ్చిన యీ లెక్క రాజనీతిజ్ఞులు తఱచు దాటవేయునట్టిది.

భూపాలపల్లి వేఱుజాతి. పేరు భూపాలునిది, ఊరు బొగ్గుది. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీగ మొదలై పిమ్మట సింగరేణి కాలరీసు యైన సంస్థ, ఇరువదవ శతాబ్దిచివరి దశకములలో నిచట కాకతీయ గనులను దెఱచినది. చెల్పూరువద్ద 500 మెగావాట్లదియు 600 మెగావాట్లదియు రెండు విద్యుద్ఘటకములు ఆ బొగ్గుతో నడచుచున్నవి. రైలు నేటికిని భూపాలపల్లికి రాలేదు. అందుచేత బొగ్గు లారీలును, కాళేశ్వరము పోవు యాత్రికుల బస్సులును, బడిపిల్లల సైకిళ్లును పరకాలనుండి వచ్చు నొక్కబాటనే పంచుకొనవలసివచ్చినది. ఊరు ఆ బాటవెంట పొడుగుగ సాగినది. గడియారము గనిదే. మొదటి పాళి, రెండవ పాళి, రాత్రి పాళి యని దినము మూడు ముక్కలైన యింట, తండ్రి నిద్రించువేళ పిల్లలు గుసగుసలాడుదురు. కూరగాయల అంగడి పాళి దిగువేళకు దెఱచును. కంపెనీ క్వార్టర్లలో వరుసలు, నీటికుళాయిలు, ఆసుపత్రి ఒక లెక్కప్రకార మున్నవి. ఆ వరుస ముగిసినచోట లెక్కయు ముగియును. ఉపరితలగని వెడల్పయినకొలది ఊరే తొలగవలసి యుండును.

దీనికి కొంచెము దూరమున గణపురమున్నది. కాకతీయుల నాటి గణపసముద్రమును కోటగుళ్లును అచట నున్నవి. చెఱువు త్రవ్వి, గుడి కట్టి, దానిచుట్టు ఊరు నిలుపుట వారి పద్ధతి. చెఱువు ఏటేట నిండును. గని ఏటేట తఱుగును. ఇల్లెందున తొలిగనులు తఱిగినకొలది కంపెనీ కేంద్రము కొత్తగూడెమునకు మాఱిన సంగతి ఈ భేదమునకు సాక్ష్యము. అదూరభవమునకు ఇది సహజదోషము: దేని సమీపమున బుట్టెనో అది పోయిన పిదప పేరు మిగులును గాని సామీప్యము మిగులదు.

2016 అక్టోబరు 11న ఈ మూడును జిల్లాకేంద్రములైనవి. భూపాలపల్లి జిల్లాకు ఆచార్య జయశంకరు (1934–2011) పేరు చేర్చిరి. 2022 ఫిబ్రవరి 11న జనగామలోను, 2023 జనవరి 12న మహబూబాబాదులోను సమీకృత కార్యాలయసముదాయములు తెఱువబడినవి. ఇన్ని కచ్చేరీలు నొక్క కప్పుక్రిందికి వచ్చుట మేలే. కాని కప్పు చేరుటకు దారి యెవరిదను ప్రశ్న మిగిలియున్నది. హైదరాబాదు నగరమునకు 1908 మూసీవరద తర్వాత, 1912లో, అభివృద్ధిమండలి యేర్పడి వెడల్పు వీధులు, మురుగుకాలువలు కట్టించెను. ఆ భాగ్యము తాలూకా పట్టణములకు లేదు. 1914లో భారతదేశమునకు వచ్చిన స్కాట్లండువాడు పాట్రిక్ గెడ్డిసు, ఇందూరు మొదలగు పట్టణములను జూచి, తాడుపట్టి వీధులు కోయుటకు ముందు సందుసందున నడచి చూడవలెననెను. మానుకోటలో నట్లు నడువవలసినచో తాడు పట్టవలసినది కలెక్టరు కచ్చేరీనుండి కాదు. తండానుండి అర్జీతో వచ్చి బస్సుదిగిన ముసలమ్మ యున్నది. అర్జీ కచ్చేరీకి, మిరపబస్తా మార్కెటునకు, తాను ఆసుపత్రికి పోవలెను. మూడును మూడుదిక్కుల నున్నవి, నడుమ గేటు పడియున్నది, తిరుగుబస్సునకు వేళయగుచున్నది.